మోడల్ రైల్వే సిగ్నళ్లకు సురక్షితమైన విద్యుత్ సరఫరా: తరచుగా అడిగే ప్రశ్నలు

మోడల్ రైల్వే లేఅవుట్ మీద నిలబెట్టే సిగ్నల్‌కు కావలసిన కరెంటు చాలా తక్కువ. ఒక్కో ఎల్‌ఈడీకి నాలుగైదు మిల్లీ ఆంపియర్లు ఇస్తే గదిలో ఏ మూల నుంచి చూసినా కనిపిస్తుంది. ప్రమాదం ఉన్నదల్లా ఆ కరెంటును తెచ్చిపెట్టే సరఫరాలోనే. దానికి ఒకవైపు గోడ సాకెట్‌లోని 230 వోల్టులు ఉంటాయి, మరోవైపు మన వేళ్లు, టంకం వేసిన సన్నటి తీగలు, అప్పుడప్పుడు పిల్లల చేతులు ఉంటాయి. కింది సమాధానాలు హెచ్‌ఓ, ఓఓ, ఎన్ వంటి ఏ స్కేలు లేఅవుట్‌కైనా వర్తిస్తాయి. లెక్కలన్నీ మన దేశపు 230 వోల్టుల, 50 హెర్ట్‌జ్‌ల సరఫరాను దృష్టిలో పెట్టుకొని వేసినవి.

సురక్షితమైన సరఫరా అంటే ఖచ్చితంగా ఏమిటి?

రెండు గుణాలు కలిసి ఉన్న సరఫరాను మాత్రమే సురక్షితం అనాలి. మొదటిది, 230 వోల్టుల వైపుకూ తక్కువ వోల్టేజీ వైపుకూ మధ్య తీగ ద్వారా నేరుగా ఎలాంటి సంబంధమూ లేకుండా, శక్తి ట్రాన్స్‌ఫార్మర్‌లోని అయస్కాంత క్షేత్రం ద్వారా మాత్రమే దాటి రావడం. దీన్నే ఐసోలేషన్ అంటారు. రెండవది, అవుట్‌పుట్ వైపు తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడు ప్రవహించే కరెంటు, ఆ తీగలు తట్టుకోగలిగినంతకు మించకుండా ఉండడం.

కొనేవాళ్లు సాధారణంగా వోల్టేజీ ఒక్కటే చూస్తారు. సిగ్నల్ డబ్బా మీద 12 అని ఉంటే 12 వోల్టులు ఇచ్చేది ఏదైనా సరేననుకుంటారు. వోల్టేజీ సరిపోవడం సిగ్నల్ వెలగడానికి సంబంధించిన విషయం మాత్రమే, మన భద్రతకు అది హామీ ఇవ్వదు. ఐసోలేషన్ లేని 12 వోల్టుల సర్క్యూట్‌ను ముట్టుకోవడమంటే ఫేజు తీగను ముట్టుకోవడమే కావచ్చు.

12 వోల్టులు షాక్ కొట్టవు కదా, మరి అంత జాగ్రత్త ఎందుకు?

ఐసోలేషన్ సరిగా ఉన్న 12 వోల్టులు పొడి చర్మానికి షాక్ కొట్టవన్న మాట నిజమే, కానీ అవి కాల్చగలవు. 12 వోల్టుల, 10 ఆంపియర్ల సరఫరా షార్ట్ అయిన చోట దాదాపు 120 వాట్ల వేడిని పుట్టించగలదు, మనం టంకం వేయడానికి వాడే సోల్డరింగ్ ఐరన్ చూస్తే 25 వాట్లది. సిగ్నల్ స్తంభం లోపలినుంచి వచ్చే ఎనామెల్ పూత తీగలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. లేఅవుట్ అడుగున ఉండేవేమో థర్మాకోల్, ప్లైవుడ్, అట్ట, ఎండిన రంపపు పొట్టు. అలాంటి చోట ఒక తీగ ఎర్రగా కాలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇంటి మెయిన్ బోర్డులోని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఈ ప్రమాదాన్ని గమనించలేదు. అది 230 వోల్టుల వైపు భూమిలోకి లీకయ్యే కరెంటును మాత్రమే పట్టుకుంటుంది. ఐసోలేషన్‌కు అవతల, 12 వోల్టుల వైపు జరిగే షార్ట్ దాని చూపుకు అందదు. కరెంటు పరిమితి దాటితే తెగే ఎంసీబీ స్విచ్‌కు కూడా అడాప్టర్ తీసుకునే కరెంటు ఏ మూలకూ కాదు. కాబట్టి తక్కువ వోల్టేజీ వైపు రక్షణను మనమే అమర్చుకోవాలి.

అడాప్టర్ మీది లేబుల్‌లో ఏమేమి చూడాలి?

కొనే ముందు అడాప్టర్‌ను వెలుతురులో పట్టుకొని లేబుల్ మొత్తం చదవడానికి రెండు నిమిషాలు వెచ్చించండి. ముందుగా ఇన్‌పుట్ వరుస చూడండి. అక్కడ 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్‌లు అని ఉంటే అది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. తర్వాత అవుట్‌పుట్ వరుసలో వోల్టేజీ, ఆంపియర్లు, వాటి మధ్య ఒక గుర్తు ఉంటాయి. పైన ఒక నిండు అడ్డగీత, దాని కింద మూడు తునక గీతలు ఉంటే అది డీసీ. అల లాంటి గీత ఉంటే ఏసీ. రౌండ్ పిన్ ఉన్న అడాప్టర్ అయితే నడుమ పిన్ ప్లస్సా మైనస్సా అని చెప్పే చిన్న బొమ్మ కూడా పక్కనే ఉంటుంది.

చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటే ఆ అడాప్టర్‌కు రెండు పొరల ఇన్సులేషన్ ఉందనీ, ఎర్త్ పిన్ లేకపోయినా ఫరవాలేదనీ అర్థం. ఇల్లు బొమ్మ ఉంటే దాన్ని గది లోపలే వాడాలి, బాల్కనీలోనో పెరట్లోనో వేసే గార్డెన్ రైల్వేకు పనికిరాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు. ఇలాంటి అడాప్టర్లకు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ గుర్తు మీద ఐఎస్ 13252 (పార్ట్ 1) వంటి ప్రమాణం సంఖ్య, దాని కింద "ఆర్" అక్షరం, గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, ఏ వస్తువుకు అనుమతి ఇచ్చారో ఆ వివరమూ వస్తాయి. లేబుల్ మీది పేరూ యాప్‌లో వచ్చే పేరూ కలవకపోతే, లేదా ఆ సంఖ్య వేరే ఏదో వస్తువుకు చెందినదై ఉంటే ఆ అడాప్టర్‌ను దుకాణదారుకు తిరిగి ఇచ్చేయండి. బరువు కూడా కొంత చెబుతుంది. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉన్న అడాప్టర్ చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలికగా అనిపిస్తే లోపల కొన్ని భాగాలు వేయకుండా వదిలేశారని అనుమానించడం తప్పు కాదు.

నా లేఅవుట్‌కు ఎన్ని ఆంపియర్ల సరఫరా కావాలి?

ఉదాహరణకు భారతీయ రైల్వే పద్ధతిలో కట్టిన ఒక స్టేషన్‌ను తీసుకుందాం. దానిలో నాలుగు సంకేతాలు (ఎరుపు, పసుపు, రెండు పసుపులు, ఆకుపచ్చ) చూపే కలర్ లైట్ సిగ్నళ్లు పది ఉన్నాయనుకుందాం. ఒక సిగ్నల్‌లో మామూలుగా ఒకే దీపం వెలుగుతుంది, రెండు పసుపు దీపాలు చూపించినప్పుడు మాత్రం రెండు వెలుగుతాయి. అంటే అన్ని సిగ్నళ్లూ ఒకేసారి రెండు పసుపులు చూపినా, ఒక్కో దీపానికి 5 మిల్లీ ఆంపియర్ల చొప్పున మొత్తం 100 మిల్లీ ఆంపియర్లే. ఇవి కాక సిగ్నళ్లను మార్చే చిన్న కంట్రోల్ బోర్డు, నాలుగైదు రిలేలు ఉంటే, మామూలు 5 వోల్టుల రిలే కాయిల్ ఒక్కోటి 70 మిల్లీ ఆంపియర్ల వరకు లాగుతుంది కనుక ఇంకో 400 మిల్లీ ఆంపియర్లు కలుపుకోవచ్చు. మొత్తం అర ఆంపియర్. దానికి సగం అదనంగా వేసుకొని, దొరికే సైజుల్లో దగ్గరిదైన 1 ఆంపియర్ అడాప్టర్ తీసుకుంటే నిశ్చింతగా నడుస్తుంది.

రిలేల వాటానే దీపాల వాటా కంటే ఎక్కువ ఉండడం గమనించండి. లెక్క వేయకుండా "సిగ్నళ్లు పది కదా, 10 ఆంపియర్లది తీసుకుందాం" అనుకునేవాళ్లు అవసరం లేని ప్రమాదాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. భవిష్యత్తులో లేఅవుట్ పెరుగుతుందనిపిస్తే ఇప్పుడే పెద్ద సరఫరా కొనడం కంటే, అప్పుడు ఇంకో 1 ఆంపియర్ అడాప్టర్ తెచ్చి కొత్త భాగానికి విడిగా ఇవ్వడం మేలు. అలా చేస్తే ఒక వైపు షార్ట్ అయినా రెండో వైపు సిగ్నళ్లు వెలుగుతూనే ఉంటాయి, తప్పు ఎక్కడుందో వెతకడమూ సులువవుతుంది.

ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెడితే ఎల్‌ఈడీ కాలిపోతుందా?

కాలిపోదు. ఆంపియర్ల సంఖ్య సరఫరా ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమితిని చెబుతుంది. ఎల్‌ఈడీ ఎంత తీసుకోవాలన్నది దాని వరుసలోని రెసిస్టర్ నిర్ణయిస్తుంది. కాలేది రెసిస్టర్ లేనప్పుడు, లేదా వోల్టేజీ అనుకున్నదానికంటే ఎక్కువ ఉన్నప్పుడు. పెద్ద సరఫరాతో భయం ఎల్‌ఈడీ గురించి కాదు, షార్ట్ అయిన తీగ గురించి.

5 వోల్టులు మంచిదా, 12 వోల్టులా? రెసిస్టర్ ఎంత వేయాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 5 వోల్టులు ఎంచుకుంటే మంచిదని నా అభిప్రాయం. అయితే లేఅవుట్ మూడు నాలుగు మీటర్లు దాటితే, లేదా కొన్న సిగ్నళ్లు 12 వోల్టులకు తగిన రెసిస్టర్లతోనే వచ్చి ఉంటే 12 వోల్టులే సౌకర్యం.

రెసిస్టర్ లెక్క ఇలా ఉంటుంది: సరఫరా వోల్టేజీలోంచి ఎల్‌ఈడీ మీద పడే వోల్టేజీ తీసివేసి, మిగిలినదాన్ని మనకు కావలసిన కరెంటుతో భాగించాలి. ఎరుపు, పసుపు ఎల్‌ఈడీల మీద సుమారు 2 వోల్టులు, ఇప్పటి నిండు ఆకుపచ్చ, తెలుపు ఎల్‌ఈడీల మీద సుమారు 3 వోల్టులు పడతాయి. 12 వోల్టుల సరఫరాకు 2.2 కిలో ఓముల రెసిస్టర్ వేస్తే ఎరుపులో 4.5, ఆకుపచ్చలో 4 మిల్లీ ఆంపియర్ల చొప్పున ప్రవహిస్తాయి. 5 వోల్టులకైతే ఎరుపుకు 680 ఓములు, ఆకుపచ్చకు 470 ఓములు సరిపోతాయి. పావు వాటు రెసిస్టర్ చాలు. ఆకుపచ్చ ఎల్‌ఈడీ అదే కరెంటుకు ఎరుపు కంటే కళ్లు చెదిరేలా వెలుగుతుంది. దానికి 12 వోల్టుల మీద 4.7 నుంచి 10 కిలో ఓముల మధ్య ఏదో ఒకటి వేసి చూసుకుంటే నిజమైన సిగ్నల్ చూపుకు దగ్గరవుతుంది.

సిగ్నల్ ఉమ్మడి తీగకు ఒకే రెసిస్టర్ వేసి సరిపెట్టవద్దు. రెండు పసుపులు కలిసి వెలగాల్సినప్పుడు ఒకటి ప్రకాశవంతంగా, ఒకటి మసకగా ఉంటుంది. ప్రతి దీపానికీ దాని రెసిస్టర్ దానికి ఉండాలి.

పాత రైలు కంట్రోలర్ వెనుక 16 వోల్టుల ఏసీ టెర్మినళ్లు ఉన్నాయి. వాటినుంచి ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, కానీ నేరుగా ఇవ్వకూడదు. పాత కంట్రోలర్లలో పట్టాలకు 12 వోల్టుల వరకు మారే డీసీ, పాయింట్ మోటార్లకు (రైలు దారి మార్చే పట్టాలను కదిలించేవి), దీపాలకు 16 వోల్టుల ఏసీ విడివిడిగా ఉండేవి. ఆ 16 అనేది ఏసీ ప్రభావ విలువ (ఆర్‌ఎంఎస్). అల శిఖరం 22.6 వోల్టులకు చేరుతుంది. పైగా ప్రతి రెండో సగంలో దిశ తిరగబడుతుంది. చాలా ఎల్‌ఈడీలు ఎదురు దిశలో 5 వోల్టులకు మించి తట్టుకోవు కాబట్టి కొన్ని వెంటనే, కొన్ని నెలల తర్వాత పోతాయి.

బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల అమరిక), దాని వెనుక ఒక కెపాసిటర్ పెడితే సుమారు 21 వోల్టుల డీసీ వస్తుంది. రెసిస్టర్లను ఆ 21కి లెక్కగట్టాలి, ఎరుపుకు 3.9 కిలో ఓములు వేస్తే దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు అవుతుంది. కెపాసిటర్ 25 వోల్టులది కాక 35 వోల్టులది తీసుకోండి. భారం లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రాసినదానికంటే ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది, మన ఊళ్లలో రాత్రిపూట లైన్ వోల్టేజీ పెరగడం కూడా మామూలే.

ఆ కంట్రోలర్ త్రాడు పెళుసుబారి పగుళ్లు తీసి ఉంటే, కేసు బిగువు సడలి ఉంటే, కాలిన వాసన వస్తూ ఉంటే ఈ లెక్కలేవీ వేయకుండా దాన్ని అలమారలో జ్ఞాపకంగా పెట్టుకోండి. లోపల 230 వోల్టుల వైపు మరమ్మతు ఇంట్లో చేసే పని కాదు.

అమెరికాలో ఉన్న బంధువులు రైలు సెట్ తెచ్చిచ్చారు. దాని ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇక్కడ పెట్టవచ్చా?

తెలుగువారి ఇళ్లలో ఈ సందర్భం తరచుగా వస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికా సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్‌లు. లేబుల్ మీద ఇన్‌పుట్ 120 వోల్టులు అని మాత్రమే ఉన్న ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను 230 వోల్టులకు పెడితే కోర్ సంతృప్తమై (అంతకు మించి అయస్కాంత క్షేత్రాన్ని మోయలేక), కరెంటు రెట్టింపుతో ఆగకుండా అనేక రెట్లు పెరుగుతుంది. లోపల థర్మల్ ఫ్యూజు ఉంటే అది తెగి అక్కడితో ఆగుతుంది, లేకపోతే పొగ వస్తుంది. ప్లగ్ పిన్నుల ఆకారం మార్చే అడాప్టర్ పెట్టినంత మాత్రాన వోల్టేజీ మారదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మాత్రం పిన్ను మార్చే అడాప్టర్ చాలు. 120 మాత్రమే ఉన్నదాన్ని తప్పనిసరిగా వాడాలంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టెప్‌డౌన్ కన్వర్టర్, అదీ రైలు సెట్ వాట్ల కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది కావాలి. హెయిర్ డ్రయర్ల కోసం అమ్మే తేలికైన ప్రయాణ కన్వర్టర్లు ఏసీ అలను ముక్కలు చేసి ఇస్తాయి, వాటిని ట్రాన్స్‌ఫార్మర్లకు వాడకూడదు. స్టెప్‌డౌన్ ఉన్నా 60 హెర్ట్‌జ్‌లకు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్‌జ్‌ల మీద కొంత ఎక్కువ వేడెక్కుతుంది. సిగ్నళ్ల వరకైతే ఈ తంటా అంతా అనవసరం. బీఐఎస్ గుర్తున్న అడాప్టర్ ఒకటి ఇక్కడే కొని విడిగా ఇవ్వండి.

ఫోన్ ఛార్జర్ వాడవచ్చా?

మంచి తయారీదారుడి ఫోన్ ఛార్జర్ సిగ్నళ్లకు దొరికే అత్యుత్తమ సరఫరాల్లో ఒకటి. అది ఐసోలేట్ అయి ఉంటుంది, షార్ట్ అయితే తనంతట తానే ఆగిపోతుంది, అవుట్‌పుట్ 5 వోల్టుల దగ్గర స్థిరంగా ఉంటుంది. పాత చదునైన యూఎస్‌బీ సాకెట్ ఉన్నదైతే కేబుల్‌లోని ఎరుపు, నలుపు తీగల మీద నేరుగా 5 వోల్టులు వస్తాయి. టైప్-సీ సాకెట్ ఉన్న ఛార్జర్ మాత్రం అవతలి వైపు 5.1 కిలో ఓముల రెసిస్టర్లు కనిపించేదాకా కరెంటు ఇవ్వదు. అవి అమర్చిన చిన్న బోర్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. వందలోపు రూపాయలకు రోడ్డు పక్కన దొరికే పేరులేని ఛార్జర్లకు ఈ ప్రశంస వర్తించదు.

ఇంట్లో మూలన పడి ఉన్న సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పనికివస్తుందా?

వస్తుంది. కేబుల్ టీవీ డబ్బాలకూ, ఇంటర్నెట్ రౌటర్లకూ ఇచ్చే 12 వోల్టుల, 1 ఆంపియర్ అడాప్టర్ మనం పైన వేసిన లెక్కకు అచ్చంగా సరిపోతుంది. పాతది కాబట్టి మల్టీమీటర్‌తో ఒకసారి కొలవండి: 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. భారం పెట్టగానే వోల్టేజీ పడిపోతున్నా, సన్నగా ఈల వంటి శబ్దం వస్తున్నా లోపలి కెపాసిటర్ ఎండిపోయిందని అర్థం, దాన్ని పారేయండి.

ఏవి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు?

వినాయక చవితికీ దీపావళికీ కట్టే సీరియల్ సెట్ల వెంట వచ్చే చిన్న పెట్టెలో చాలాసార్లు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు; ఒక కెపాసిటరో, కొన్ని డయోడ్లో ఉంటాయి. దీపాలు వరుసలో ఉన్నాయి కాబట్టి ఒక్కోదాని మీద తక్కువ వోల్టేజీ పడుతుందే తప్ప తీగ మొత్తం 230 వోల్టుల సరఫరాకు నేరుగా అంటుకొని ఉంటుంది. ఆ దీపాలను విడదీసి సిగ్నళ్లలో వాడుకోవచ్చు, పెట్టెను మాత్రం వాడకూడదు. రాత్రి దీపాల్లో ఉండే "కెపాసిటర్ డ్రాపర్" సర్క్యూట్లదీ ఇదే స్వభావం. వీడియోల్లో చూపించే "ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 12 వోల్టులు" ప్రయోగాలన్నీ ఈ కోవలోవే.

సీలింగ్ ప్యానెల్ లైట్లలోని ఎల్‌ఈడీ డ్రైవర్ మరో ఉచ్చు. పేరులో ఎల్‌ఈడీ ఉంది కదా అని సిగ్నల్‌కు తగిలిస్తారు. అది స్థిరమైన వోల్టేజీ కాకుండా స్థిరమైన కరెంటు, అంటే ఉదాహరణకు 300 మిల్లీ ఆంపియర్లు, తోయడానికి ప్రయత్నిస్తుంది. అందుకోసం వోల్టేజీని ఎన్నో పదులకు పెంచుతుంది. వీటిలో చాలావాటికి ఐసోలేషన్ కూడా ఉండదు.

పాత కంప్యూటర్ పవర్ సప్లై సురక్షితంగా తయారైనదే అయినా 12 వోల్టుల మీద పది, ఇరవై ఆంపియర్లు ఇవ్వగలదు. ప్రతి శాఖకూ ఫ్యూజు లేకుండా దాన్ని సన్నటి తీగలకు కలపడం వెల్డింగ్ మెషిన్‌కు కలపడంతో సమానం.

జాలీ కేసు ఉన్న ఎస్‌ఎంపీఎస్ సంగతేమిటి?

సీసీటీవీలకూ ఎల్‌ఈడీ స్ట్రిప్పులకూ వాడే ఆ లోహపు విద్యుత్ సరఫరా పెట్టెలో ఫేజు, న్యూట్రల్, ఎర్త్ స్క్రూలు ఒక చివర బయటికే ఉంటాయి, పైన ప్లాస్టిక్ మూత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. లేఅవుట్ అడుగున తీగ కోసం తడుముకునే చేతికి తగలాల్సిన చోటే అవి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ చేత మూసి ఉన్న పెట్టెలో అమర్పించి, మూడు పిన్నుల ప్లగ్‌తో ఎర్త్ కలిపించి, ఇన్‌పుట్‌కు ఫ్యూజు పెట్టించగలిగితే తప్ప దీన్ని ఇంటి అభిరుచికి సిఫార్సు చేయలేను. సిగ్నళ్లకు ఇంత శక్తి అవసరమూ లేదు.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలి, ఎంతది పెట్టాలి?

సరఫరా ప్లస్ తీగ శాఖలుగా విడిపోయే చోట, ప్రతి శాఖ మొదట్లో పెట్టాలి. మళ్లీ తానే మామూలు స్థితికి వచ్చే పాలీఫ్యూజు ఈ పనికి అనువైనది. 250 మిల్లీ ఆంపియర్ల పాలీఫ్యూజు ఆ మేరకు కరెంటును హాయిగా పోనిస్తుంది, దాదాపు రెట్టింపు దాటాక వేడెక్కి దారి మూసేస్తుంది, షార్ట్ తీసేసి కాసేపు ఆగితే మళ్లీ తెరుచుకుంటుంది. గాజు ఫ్యూజు ఇష్టపడేవారు 20 మిల్లీమీటర్ల పొడవుది, హోల్డర్‌తో సహా వాడవచ్చు.

ఫ్యూజు విలువ సరఫరా సామర్థ్యం కంటే తక్కువ ఉండాలన్న మాటను చాలామంది పట్టించుకోరు. 1 ఆంపియర్ అడాప్టర్‌కు 2 ఆంపియర్ల ఫ్యూజు పెడితే అది ఎప్పటికీ తెగదు, ఉన్నా లేనట్టే.

తీగలు ఎలాంటివి వాడాలి?

0.2 మిల్లీమీటర్ల పోగులు ఏడు కలిసిన పీవీసీ తీగ 1.4 ఆంపియర్ల వరకు తట్టుకుంటుంది. సిగ్నల్ శాఖలకు అది చాలు. ప్రధాన తీగకు అలాంటి పోగులు పదహారు ఉన్నది తీసుకోండి. కొత్తగా ల్యాన్ కేబుల్ వేయించినప్పుడు మిగిలిన ముక్కల్లోని రంగు రంగుల తీగలు సిగ్నళ్లకు బాగా పనికివస్తాయి, కాకపోతే అవి ఒంటి పోగువి కాబట్టి పదే పదే వంచితే విరుగుతాయి.

అతుకులకు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయకండి. మన మే నెల ఎండలకు దాని జిగురు కరిగి, టేపు చివర లేచి, ఒకరోజు తీగ నగ్నంగా బయటపడుతుంది. టంకం వేసి హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించండి. 12 వోల్టుల తీగలను ఇంటి వైరింగ్ పైపుల్లోంచి తీసుకువెళ్లకూడదు. ఇంటి సాకెట్లో పట్టే ప్లగ్‌ను 12 వోల్టుల కనెక్టర్‌గా ఎన్నడూ వాడకూడదు. ఎవరో ఒకరు సాయం చేద్దామని దాన్ని గోడలో పెట్టే రోజు వస్తుంది.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లను కలిపి ఎక్కువ కరెంటు తీసుకోవచ్చా?

కూడదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే ఇదే చదవాలి.

రెండు 16 వోల్టుల ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ల అవుట్‌పుట్‌లను ఒకదానికొకటి కలిపారనుకోండి. ఒకదాని ప్లగ్‌ను గోడనుంచి పీకేశారు, రెండోది ఇంకా సాకెట్‌లోనే ఉంది. అప్పుడు రెండోదాని 16 వోల్టులు మొదటిదాని అవుట్‌పుట్ చుట్టలోకి వెనక్కు వెళ్తాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ వైపు ముందో ఏ వైపు వెనకో తెలియదు; అది ఆ 16ని తిరిగి సుమారు 230గా మార్చి, మీరు చేతిలో పట్టుకున్న ప్లగ్ పిన్నుల మీద పెడుతుంది. పీకేశాం కదా అని పిన్నులను ముట్టుకున్న మనిషికి ప్రాణాంతకమైన షాక్ తగలవచ్చు. అంతే కాక, రెండింటి దిశలు తారుమారైతే అవుట్‌పుట్‌ల మధ్య 32 వోల్టులు పుట్టి భారీ కరెంటు ప్రవహిస్తుంది.

అడాప్టర్ల రకపు డీసీ సరఫరాల్లో లోపలి డయోడ్లు ఈ వెనుక ప్రయాణాన్ని ఆపుతాయి, అయినా వాటిని కూడా సమాంతరంగా కలపకూడదు. భారాన్ని సమంగా పంచుకోవు. పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్లు ఒకటికంటే ఎక్కువ వాడేవారు అన్నిటినీ ఒకే స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, అన్నీ ఒకేసారి ఆరేలా చూసుకోవాలి, వాటి ఏసీ అవుట్‌పుట్‌లు ఏ రిలే ద్వారా గానీ స్విచ్ ద్వారా గానీ కలవకుండా జాగ్రత్తపడాలి.

అవుట్‌పుట్ తీగకు టెస్టర్ పెడితే మసకగా వెలిగింది. అడాప్టర్ చెడిపోయిందా?

చెడిపోయి ఉండకపోవచ్చు. ఎర్త్ పిన్ లేని అడాప్టర్లలో రేడియో అలజడిని తగ్గించడానికి రెండు వైపుల మధ్య ఒక ప్రత్యేక భద్రతా కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా పావు మిల్లీ ఆంపియర్ లోపు లీకేజీ రావచ్చని ప్రమాణాలే అనుమతిస్తాయి, టెస్టర్‌లోని నియాన్ దీపం వెలగడానికి అంతకంటే తక్కువే చాలు. చెమట పట్టిన ముంజేతికి సన్నగా జిల్లుమనడం కూడా ఇందువల్లే. కానీ దీపం నేరుగా ఫేజులో పెట్టినట్టు ప్రకాశవంతంగా వెలిగితే, లేదా ముట్టుకుంటే చెయ్యి వెనక్కు లాగేంత దెబ్బ తగిలితే ఇంకో పరీక్ష చేయకుండా స్విచ్ ఆపి ఆ అడాప్టర్‌ను తీసేయండి. బీఐఎస్ గుర్తు లేని అడాప్టర్‌లో ఆ కెపాసిటర్ స్థానంలో మామూలుది పెట్టి ఉంటే, అది షార్ట్ అయిన రోజు ఐసోలేషన్ పోయినట్టే.

నాది డీసీసీ లేఅవుట్. పట్టాల నుంచే సిగ్నళ్లకు కరెంటు తీసుకోవచ్చు కదా?

తీసుకోవచ్చు. డీసీసీ అంటే పట్టాల గుండా కరెంటుతో పాటు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి; ఆ ఆదేశాలు చదివే డీకోడర్లు చాలావరకు అలాగే పనిచేస్తాయి. కానీ పట్టాల మీద ఎక్కడైనా ఇంజను పట్టాలు తప్పి షార్ట్ అయిన క్షణంలోనే సిగ్నళ్లన్నీ ఆరిపోతాయి, పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టర్‌లో ఇంజన్లకు పోవలసిన సామర్థ్యంలోంచి వీటి వాటా తరుగుతుంది. విడి సరఫరా ఇవ్వదగిన డీకోడర్ తీసుకుంటే మంచిది. అప్పుడు ఆ సరఫరా మైనస్‌ను పట్టాల తీగతో కలపకండి, డీకోడర్ పుస్తకం స్పష్టంగా కలపమంటే తప్ప. డీసీసీ పట్టాల మీది వోల్టేజీ నిరంతరం దిశ మారుతూ ఉంటుంది, దానిలో శాశ్వతమైన మైనస్ పట్టా అంటూ లేదు.

చెయ్యి పైకీ కిందికీ కదిలే సెమాఫోర్ సిగ్నళ్లకు కూడా ఇదే సరఫరా చాలా?

వాటి దీపానికి చాలు, కదిలించే యంత్రానికి వేరేది ఇవ్వండి. చిన్న సర్వో మోటార్ నడిచేటప్పుడు 5 వోల్టుల మీద వందకు పైగా మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, చెయ్యి ఇరుక్కుపోతే అది అనేక రెట్లవుతుంది. ఒకే సరఫరా అయితే ప్రతి కదలికకూ మిగతా దీపాలు ఒక్కసారి మినుకుమంటాయి. సోలెనాయిడ్ కాయిల్ రకమైతే క్షణం పాటే కరెంటు ఇవ్వాలి. బటన్ ఇరుక్కొని కరెంటు అలాగే పోతే కాయిల్ కరిగిపోతుంది. కెపాసిటర్‌లో నింపి ఒక్క విసురుతో వదిలే సీడీయూ అనే చిన్న పరికరం దీనికి సరైన మందు.

ఇన్వర్టర్ మీద నడపవచ్చా? బ్యాటరీ వాడితే మరీ సురక్షితమా?

అడాప్టర్ల రకం సరఫరాలు ఇన్వర్టర్ మీద సాధారణంగా ఇబ్బంది లేకుండా నడుస్తాయి. ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్లు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గీపెడతాయి, ఎక్కువ వేడెక్కుతాయి. కరెంటు పోయినప్పుడు వాటిని ఆపేయడం మంచిది.

బ్యాటరీలో 230 వోల్టుల భయం లేదన్నది నిజం. నాలుగు పెన్సిల్ సెల్లులు చిన్న ప్రదర్శనకు ముచ్చటగా సరిపోతాయి. యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ సంగతి వేరు: షార్ట్ అయితే ఆ క్షణంలో వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగలదు. దాన్ని వాడేవారు ప్లస్ టెర్మినల్‌కు అంగుళం దూరంలోనే ఫ్యూజు పెట్టాలి. రక్షణ సర్క్యూట్ లేని లిథియం సెల్లులను లేఅవుట్ కింద పెట్టకండి.

పిల్లలు ఆడే లేఅవుట్‌కు ప్రత్యేకంగా ఏం చూడాలి?

విద్యుత్ బొమ్మలకు 24 వోల్టులను గరిష్ఠ పరిమితిగా ప్రమాణాలు నిర్ణయించాయి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి అయింది, విద్యుత్ బొమ్మల ప్రమాణం ఐఎస్ 15644. అయితే నాణ్యమైన స్కేలు మోడళ్లలో చాలావరకు 14 ఏళ్లు దాటినవారికి అని రాసి అమ్ముతారు, అంటే అవి ఈ ప్రమాణం కింద బొమ్మలే కావు. కాబట్టి డబ్బా మీద రైలు బొమ్మ ఉన్నంత మాత్రాన పిల్లల భద్రతకు పరీక్షించారని అనుకోకండి.

పిల్లలున్న చోట 5 వోల్టులతో సరిపెట్టుకోండి. అడాప్టర్‌ను నేలమీద కాకుండా చేతికందని ఎత్తులో సాకెట్‌కు పెట్టి, అక్కడినుంచి తక్కువ వోల్టేజీ తీగను మాత్రమే కిందికి దించండి. ఆట అయ్యాక స్విచ్ ఆపే పని పెద్దవాళ్లది.

అంతా కలిపాక మొదటిసారి ఎలా పరీక్షించాలి?

సిగ్నళ్లు కలపకముందే అడాప్టర్ వోల్టేజీ, ప్లస్ మైనస్‌లు మల్టీమీటర్‌తో చూసుకోండి. తర్వాత అడాప్టర్ తీసేసి, ప్లస్ మైనస్ తీగల మధ్య షార్ట్ లేదని కంటిన్యుటీ బీప్‌తో నిర్ధారించుకోండి. ఒక్కో శాఖ చొప్పున కలుపుతూ, ప్రతిసారీ మొత్తం కరెంటు మీరు వేసిన లెక్కకు దగ్గరగా ఉందో లేదో చూడండి. లెక్కకు రెట్టింపు కనిపిస్తే ఏదో ఒక రెసిస్టర్ తప్పు పడింది. అన్ని దీపాలూ వెలిగించి గంటసేపు పక్కనే ఉండండి. గంట తర్వాత అడాప్టర్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉండాలి. ఐదు సెకన్లు చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే భారం ఎక్కువైందనో, అడాప్టర్ లేబుల్ అబద్ధం చెబుతోందనో అర్థం; రెండింటిలో ఏదైనా ఆ రాత్రికి దాన్ని ప్లగ్‌లో ఉంచకండి.